అప్పు చేసి ప్రమాణ స్వీకారానికి వెళ్లిన ప్రెసిడెంట్.. జార్జ్ వాషింగ్టన్ 8 ఏళ్ల పాలనలో అసలేం జరిగింది?

డాలర్ నోటు మీద కనిపించే ముఖం ఆయనదే. ఒక రాజధానికి, ఒక రాష్ట్రానికి ఆయన పేరే. జార్జ్ వాషింగ్టన్ అనగానే మనకు గుర్తొచ్చేది ఇంతే. కానీ ఆ కుర్చీలో కూర్చున్న రోజు ఆయన చేతికొచ్చిన అమెరికా ఎలా ఉందో తెలుసా? ఖజానా ఖాళీ. నేవీ లేదు. సైన్యం అంటే దాదాపు 700 మంది. నెత్తిన కోట్ల డాలర్ల అప్పు. ఒకవైపు బ్రిటన్, ఇంకోవైపు స్పెయిన్. మధ్యలో తమ భూమి కోసం పోరాడుతున్న ఆదివాసీ తెగలు. అప్పటి జనాభా దాదాపు 39 లక్షలు. అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. అధ్యక్షుడి ఇంట్లోనే బానిసలున్నారు. ఆ ఇంట్లో జరిగిన ఓ సంగతి కూడా ఈ స్టోరీలో ఉంది. చివరిదాకా చదవండి.

చేతిలో చిల్లిగవ్వ లేదు

1789 మార్చి. కొత్త రాజ్యాంగం ప్రకారం మొదటి ఎన్నిక అయిపోయింది. ఓట్లు ఇంకా అధికారికంగా లెక్కపెట్టలేదు కానీ, గెలిచేది ఎవరో ఊరూవాడా తెలుసు. వర్జీనియాలో పొటోమాక్ నది ఒడ్డున మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లో ఉన్న వాషింగ్టన్‌ది మాత్రం వేరే టెన్షన్. వేల ఎకరాల భూమి ఉంది, చేతిలో క్యాష్ లేదు. పంటలు దెబ్బతిన్నాయి, రావాల్సిన బాకీలు రాలేదు. దాంతో పక్కనే ఉన్న అలెగ్జాండ్రియాలో రిచర్డ్ కాన్వే అనే వ్యాపారికి లెటర్ రాసి 500 పౌండ్లు అప్పు అడిగారు. ఊళ్లో ఉన్న బాకీలు తీర్చి బయల్దేరాలి కదా! రెండ్రోజులకే ఇంకో 100 పౌండ్లు కావాలన్నారు. ఆ వంద ఎందుకంటే, న్యూయార్క్ వెళ్లే దారి ఖర్చులకు.

ఏప్రిల్ 6న ఓట్లు లెక్కపెట్టారు. 69 మంది ఎలక్టర్లు ఓటేస్తే, 69 మందీ ఆయనకే వేశారు. 14న కాంగ్రెస్ కార్యదర్శి చార్లెస్ థామ్సన్ మౌంట్ వెర్నన్‌కి వచ్చి కబురు చెప్పాడు. 16న బయల్దేరితే, దారిపొడవునా ఊరేగింపులు, తోరణాలు, పూలు, విందులు. మనసులో ఆయనకేమో భయం. ఉరికంబం ఎక్కడానికి వెళ్తున్న ఖైదీలా ఉంది తన పరిస్థితి అన్న అర్థం వచ్చేలా ఆ రోజుల్లోనే ఓ స్నేహితుడికి రాసుకున్నారు. ఇది వినయం కోసం రాసిన మాట కాదనిపిస్తుంది. ఎందుకంటే అప్పటికే ఆయనకు 57 ఏళ్లు. నోట్లో సొంత పన్ను ఒకే ఒక్కటి మిగిలింది. (చెక్క పళ్లు అని సోషల్ మీడియాలో తిరిగేది నిజం కాదు. ఆయన కట్టుడు పళ్లలో నీటిగుర్రం దంతం, లోహం, మనుషుల పళ్లు కూడా వాడారు.) హాయిగా పొలం చూసుకుందామని ఇంటికెళ్లిన మనిషిని మళ్లీ రోడ్డు మీదకు తెచ్చారు.

ఏప్రిల్ 30న న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లోని ఫెడరల్ హాల్ బాల్కనీలో ప్రమాణ స్వీకారం. వేసుకున్నది కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో నేసిన గోధుమరంగు బట్టతో కుట్టించిన సూట్. ఇంగ్లండ్ గుడ్డ కాదు. మన స్వదేశీ ఉద్యమం గుర్తొస్తోంది కదా? ఆయన లెక్క కూడా అదే.

కాలేజీ మొహం చూడని సర్వేయర్

ఒక్కసారి ఫ్లాష్‌బ్యాక్‌లోకి వెళ్దాం. 1732 ఫిబ్రవరి 22న వర్జీనియాలో పుట్టారు. 11 ఏళ్లకే తండ్రి పోయాడు. అన్నల్లా ఇంగ్లండ్ వెళ్లి చదువుకునే చాన్స్ పోయింది. టీనేజ్‌లోనే భూముల సర్వేయర్‌గా అడవుల్లో గొలుసు పట్టుకుని తిరిగాడు. తర్వాత బ్రిటిష్ వాళ్ల తరఫున ఫ్రెంచ్ వాళ్లతో యుద్ధం చేశాడు. 1775లో అదే బ్రిటన్ మీద తిరుగుబాటు సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్ అయ్యాడు. గెలిచిన యుద్ధాల కన్నా ఓడినవే ఎక్కువ. కానీ సైన్యం చెదిరిపోకుండా ఎనిమిదేళ్లు పట్టుకున్నాడు. 1781లో ఫ్రెంచ్ సాయంతో యార్క్‌టౌన్ దగ్గర బ్రిటిష్ సైన్యాన్ని లొంగదీసుకున్నారు.

ఇక్కడ మనకో కనెక్షన్ ఉంది. యార్క్‌టౌన్‌లో ఓడిన ఆ బ్రిటిష్ జనరల్ పేరు కార్న్‌వాలిస్. అవును, మన సోషల్ బుక్‌లో ఉన్న కార్న్‌వాలిసే. ఒంట్లో బాలేదని చెప్పి లొంగుబాటు కార్యక్రమానికి కూడా రాలేదు. ఐదేళ్లు తిరిగేసరికి గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1792లో టిప్పు సుల్తాన్‌తో సంధి చేయించి సగం రాజ్యం లాక్కున్నాడు. 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చాడు. ఆ పద్ధతే తర్వాత మన ఉత్తర సర్కారుల జమీందారీలకూ పాకింది. అక్కడ ఓడిన మనిషి ఇక్కడ మన తాతముత్తాతల శిస్తు రాసిపోయాడన్నమాట.

సరే, మళ్లీ వాషింగ్టన్ దగ్గరికి వద్దాం. యుద్ధం గెలిచిన జనరల్ సింహాసనం ఎక్కుతాడనే లోకం అనుకుంది. ఆయన 1783 డిసెంబర్ 23న అనాపొలిస్‌లో కాంగ్రెస్ ముందుకెళ్లి పదవి తిరిగిచ్చేసి, క్రిస్మస్‌కి ఇంటికి వెళ్లిపోయారు. ఆ ఒక్క పని వల్లే ఆరేళ్ల తర్వాత జనం ఆయన్ను నమ్మారు. పదవి వదిలేయడం తెలిసినవాడికే పదవి ఇవ్వొచ్చు అనుకున్నారు.

ఏం చేసినా ఫస్ట్ టైమే

13 రాష్ట్రాలు కలిసి స్వాతంత్ర్యం తెచ్చుకున్నా, ఆయన ప్రమాణం చేసేటప్పటికి కొత్త రాజ్యాంగానికి ఓకే చెప్పినవి 11 మాత్రమే. నార్త్ కరోలినా ఆ ఏడాది నవంబర్‌లో వచ్చింది. రోడ్ ఐలాండ్ 1790 మే దాకా బెట్టు చేసింది.

ఇక అధ్యక్షుణ్ని ఏమని పిలవాలి? నమ్ముతారో లేదో, దీని మీద సెనేట్‌లో వారాల తరబడి చర్చ నడిచింది. ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కి గొప్ప బిరుదు ఉండాలని పట్టుదల. హైనెస్ లాంటి రాజుల మాటలు కూడా లిస్టులోకి వచ్చాయి. ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు. చివరికి వట్టి ప్రెసిడెంట్ అనే పిలుపే ఖాయమైంది. ఎవరింటికి భోజనానికి వెళ్లాలి, షేక్‌హ్యాండ్ ఇవ్వాలా తల వంచి నమస్కరించాలా లాంటివి కూడా ఆయనకు సమస్యలే. ఎక్కువ బిగుసుకుంటే రాజు అంటారు, ఎక్కువ కలిసిపోతే పదవి చులకనవుతుంది. ఈ రోజు తాను చేసిందే రేపు ఆనవాయితీ అవుతుందని ఆయనకు బాగా తెలుసు. అందుకే అన్నింటికీ జంకు.

1789 ఆగస్టులో సెనేట్‌కి స్వయంగా వెళ్లారు. క్రీక్ తెగతో ఒప్పందం మీద సలహా కావాలని. రాజ్యాంగంలో రాసిందే అది. కానీ సెనేటర్లు అప్పటికప్పుడు చెప్పలేం, కమిటీకి పంపుదాం అన్నారు. ఆయనకు ఒళ్లు మండింది. ఇంకోసారి వచ్చి పని ముగించారు కానీ, అలా సలహా అడగడానికి మళ్లీ సెనేట్ గడప తొక్కలేదు. తర్వాతి అధ్యక్షులూ అదే దారి. ఆ రోజు సెనేటర్లు కాస్త ఓపిగ్గా మాట్లాడి ఉంటే అమెరికాలో ఒప్పందాలు చేసుకునే పద్ధతే వేరేగా ఉండేదేమో.

కేబినెట్ అనే మాట రాజ్యాంగంలో లేదు. ఆయనే అలవాటు చేశారు. విదేశాంగానికి థామస్ జెఫర్సన్, ఆర్థికానికి అలెగ్జాండర్ హామిల్టన్, యుద్ధ శాఖకు హెన్రీ నాక్స్, అటార్నీ జనరల్‌గా ఎడ్మండ్ రాండాల్ఫ్. ఈ నలుగురిలో మొదటి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఒకరిది పొలాల దేశం కావాలన్న కల, ఇంకొకరిది బ్యాంకులు, ఫ్యాక్టరీల దేశం కావాలన్న కల. ఇద్దరూ తమ తమ పేపర్లను వెనకుండి నడిపించి ఒకరినొకరు తిట్టించుకున్నారు. మధ్యలో నలిగింది మాత్రం పెద్దాయనే.

ఒక్క డిన్నర్‌తో డీల్ సెట్

దేశం అప్పు లెక్క చూస్తే, యుద్ధం కోసం కేంద్రం చేసినది దాదాపు 5.4 కోట్ల డాలర్లు, రాష్ట్రాలు చేసినది మరో 2.5 కోట్లు. కేంద్రం అప్పులో దాదాపు 1.2 కోట్లు ఫ్రాన్స్, హాలండ్ లాంటి బయటి దేశాలకు కట్టాల్సినవి. 1790 జనవరిలో హామిల్టన్ ప్లాన్ పెట్టాడు. రాష్ట్రాల అప్పు కూడా కేంద్రమే నెత్తికెత్తుకోవాలి, అన్నీ పూర్తిగా కట్టాలి, అప్పుడే బయట మన మాటకు విలువ ఉంటుంది.. ఇదీ ఆయన వాదన.

వినడానికి బాగానే ఉంది. కానీ ఇక్కడో మెలిక. యుద్ధంలో జీతాల బదులు సైనికులకు కాగితాలిచ్చారు. పాపం వాళ్లలో చాలామంది ఆకలికి తట్టుకోలేక వాటిని రూపాయికి పది పైసలు, పదిహేను పైసలు చొప్పున వ్యాపారులకు అమ్ముకున్నారు. ఇప్పుడు ప్రభుత్వం పూర్తి విలువ కడితే లాభం ఎవరికి? కాలు పోగొట్టుకున్న సైనికుడికా, కాగితం కొన్న షావుకారుకా? అసలు హక్కుదారులకు కొంతైనా ఇవ్వాలని జేమ్స్ మాడిసన్ సభలో వాదించాడు. ఓడిపోయాడు. తన దగ్గర పనిచేసిన సైనికుల విషయంలో వాషింగ్టన్ బయటకు ఒక్క మాటా అనలేదు. ప్రభుత్వం మాట నిలబడటమే ముఖ్యం అనుకున్నట్టుంది. నాకైతే ఆయన పాలనలో ఈ మౌనం ఒక్కటీ మింగుడుపడదు.

వర్జీనియా లాంటి రాష్ట్రాలు అప్పటికే తమ అప్పులు చాలావరకు కట్టేశాయి. వేరే వాళ్ల అప్పు మేమెందుకు మోయాలి అని ఎదురుతిరిగాయి. బిల్లు ఆగిపోయింది. 1790 జూన్‌లో జెఫర్సన్ ఇంట్లో డిన్నర్. హామిల్టన్, మాడిసన్ వచ్చారు. భోజనం అయ్యేసరికి డీల్ కుదిరింది. అప్పుల బిల్లుకు అడ్డుపడకూడదు, బదులుగా రాజధాని దక్షిణాదికి, పొటోమాక్ ఒడ్డుకు వస్తుంది. అంతవరకు పదేళ్లు ఫిలడెల్ఫియా. అలా పుట్టిందే ఇవాళ్టి వాషింగ్టన్ నగరం. స్థలం ఎంచుకున్నదీ ఆయనే, పేరూ ఆయనదే. కానీ వైట్ హౌస్‌లో ఒక్క రోజు కూడా ఉండని ఏకైక అధ్యక్షుడు ఆయనే!

రాజధాని ఎక్కడ అన్న గొడవ మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

ఒకే ఉదయం.. 600 మందికి పైగా బలి

ఇక యుద్ధాలు. ఓహియో నది అవతలి భూములు తమవని మియామి, షానీ తదితర తెగలు నిలబడ్డాయి. బ్రిటన్ ఒప్పందం ప్రకారం ఖాళీ చేయాల్సిన కోటల్లోనే కూర్చుని వాళ్లకు తెరవెనుక సాయం చేస్తోంది. 1790లో జనరల్ హార్మర్‌ని పంపితే దెబ్బతిని వచ్చాడు. 1791లో ఆర్థర్ సెయింట్ క్లెయిర్‌ని పంపారు. జాగ్రత్త, ఆదమరిచి ఉండొద్దు అని వాషింగ్టన్ ముందే హెచ్చరించారని చెబుతారు. నవంబర్ 4 తెల్లవారుజామున లిటిల్ టర్టిల్, బ్లూ జాకెట్ నాయకత్వంలో ఆదివాసీ యోధులు శిబిరాన్ని చుట్టుముట్టారు. మూడు గంటల్లో అంతా అయిపోయింది. 600 మందికి పైగా సైనికులు చనిపోయారు. ఆదివాసీల చేతిలో అమెరికా సైన్యానికి ఇంతకు మించిన ఓటమి ఆ తర్వాత కూడా లేదు.

ఫిలడెల్ఫియాలో వార్త వచ్చేసరికి ఆయన అతిథులతో భోజనం చేస్తున్నారట. కబురు విని, మళ్లీ వచ్చి కూర్చుని, ఏమీ జరగనట్టు విందు పూర్తిచేసి, అందరూ వెళ్లాక కోపంతో ఊగిపోయారని ఆయన సెక్రటరీ టోబియాస్ లియర్ తర్వాత చెప్పాడు. ప్రతినిధుల సభ విచారణ పెట్టి కాగితాలు అడిగింది. ఇవ్వాలా వద్దా? కేబినెట్‌ని కూర్చోబెట్టి ఆలోచించారు. ఈసారికి ఇచ్చారు. కానీ దేశానికి హాని అనుకుంటే ఇవ్వకుండా ఉండే హక్కు అధ్యక్షుడికి ఉందని అప్పుడే తేల్చుకున్నారు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1794 ఆగస్టు 20న ఆంథోనీ వేన్ అనే జనరల్ ఫాలెన్ టింబర్స్ దగ్గర గెలిచాడు. ఓడిన యోధులు ఆశ్రయం కోసం బ్రిటిష్ కోటకు పరిగెత్తితే, వాళ్లు తలుపులు మూసేశారు. మరుసటి ఏడాది గ్రీన్‌విల్ ఒప్పందంతో ఇప్పటి ఓహియోలో చాలా భాగం ఆదివాసీల చేతుల్లోంచి పోయింది. న్యాయంగా కొందాం, ఒప్పందాలతో పోదాం అని వాషింగ్టన్, నాక్స్ మొదట్నుంచీ అంటూనే వచ్చారు. జరిగింది మాత్రం ఇది.

ఫ్రాన్స్ నుంచి వచ్చిన తలనొప్పి

1792 చివర్లో రెండో ఎన్నిక. ఇక చాలు, ఇంటికెళ్తా అన్నారు. వీడ్కోలు సందేశం కూడా మాడిసన్‌తో రాయించుకున్నారు. కానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోని హామిల్టన్, జెఫర్సన్ ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. మీరు పోతే దేశం విడిపోతుందని ఇద్దరూ బతిమాలారు. మళ్లీ ఏకగ్రీవం. 132కి 132.

ఆ సంతోషం నెల రోజులు కూడా లేదు. 1793 జనవరిలో ఫ్రాన్స్‌లో రాజు తల తీశారు. ఫిబ్రవరిలో ఫ్రాన్స్, బ్రిటన్ మధ్య యుద్ధం. అమెరికాకు స్వాతంత్ర్యం రావడానికి సాయం చేసింది ఫ్రాన్స్. 1778 నాటి స్నేహ ఒప్పందం ఇంకా ఉంది. కానీ ఖజానా నిండేదేమో బ్రిటన్‌తో వ్యాపారం మీద వచ్చే సుంకాలతో. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఏప్రిల్ 22న వాషింగ్టన్ ప్రకటన ఇచ్చారు. మేం ఎవరి పక్షమూ కాదు. విచిత్రం ఏంటంటే, చరిత్రలో తటస్థ ప్రకటనగా పేరు తెచ్చుకున్న ఆ కాగితంలో తటస్థం అనే మాటే లేదు. జెఫర్సన్‌ని ఒప్పించడానికి ఆ పదం పక్కన పెట్టారు.

అప్పటికే ఫ్రాన్స్ కొత్త రాయబారి దిగిపోయాడు. పేరు ఎడ్మండ్ జెనే. వయసు 30. నేరుగా రాజధానికి రాకుండా చార్ల్స్‌టన్‌లో దిగి, అమెరికా రేవుల్లోనే బ్రిటిష్ ఓడల్ని కొల్లగొట్టే నావల్ని సిద్ధం చేయించడం మొదలుపెట్టాడు. ఎక్కడికెళ్లినా జనం పూలదండలతో స్వాగతం. దాంతో తల తిరిగిపోయింది. వద్దని చెప్పినా వినకుండా ఫిలడెల్ఫియా నుంచే లిటిల్ సారా అనే ఓడకు తుపాకులు బిగించి సముద్రంలోకి పంపాడు. అధ్యక్షుడు అడ్డుపడితే నేరుగా ప్రజల దగ్గరికే వెళ్తానన్నాడు. ఆ మాటతో ఫ్రాన్స్‌ని వెనకేసుకొచ్చే జెఫర్సన్‌కి కూడా ఓపిక పోయింది. వెనక్కి పిలిపించండి అని ఫ్రాన్స్‌కి లేఖ వెళ్లింది.

ట్విస్ట్ ఇక్కడే. పారిస్‌లో ప్రభుత్వం మారింది. జెనేని అరెస్ట్ చేసి పంపమంటూ కొత్త రాయబారి వచ్చాడు. వెళ్తే గిలెటిన్ ఖాయం. తనను అంత ఇబ్బంది పెట్టిన మనిషిని వాషింగ్టన్ అప్పగించలేదు. ఆశ్రయం ఇచ్చారు. జెనే న్యూయార్క్ గవర్నర్ కూతుర్ని పెళ్లి చేసుకుని, పొలం చేసుకుంటూ 1834 దాకా అక్కడే బతికాడు!

అదే వేసవిలో ఫిలడెల్ఫియాలో యెల్లో ఫీవర్. దాదాపు 5 వేల మంది చనిపోయారు. ప్రభుత్వం ఊరు వదిలి జర్మన్‌టౌన్‌లో కూర్చోవాల్సి వచ్చింది. కోవిడ్ చూసినవాళ్లకు ఆ వీధులు ఎలా ఉండేవో వేరే చెప్పక్కర్లేదు.

విస్కీ మీద పన్ను.. వీధుల్లో తిరుగుబాటు

అప్పు కట్టాలంటే ఆదాయం కావాలి. 1791లో హామిల్టన్ విస్కీ మీద ఎక్సైజ్ వేశాడు. పశ్చిమ పెన్సిల్వేనియా రైతులకు విస్కీ అంటే మందు ఒక్కటే కాదు. కొండలు దాటించి ధాన్యం బస్తాలు మార్కెట్‌కి చేర్చలేరు. అదే ధాన్యాన్ని కాచి పీపాల్లో పోస్తే గుర్రం మీద పోతుంది. చేతిలో నాణేలు లేని చోట విస్కీయే డబ్బు. కూలీ కూడా అందులోనే. అలాంటి దాని మీద, అదీ నగదులో, పన్ను కట్టమంటే? బ్రిటన్ మీద ఎందుకు తిరగబడ్డామో అదే మళ్లీ మొదలైంది అన్నారు వాళ్లు. పన్ను వసూలుకు వచ్చినవాళ్ల ఒంటికి తారు పూసి, ఈకలు అంటించి ఊరేగించారు. 1794 జులైలో వసూళ్ల అధికారి జాన్ నెవిల్ ఇల్లు తగలబెట్టారు. ఆ గొడవలో ప్రాణాలు పోయాయి.

వాషింగ్టన్ ముందు మాట్లాడటానికి మనుషుల్ని పంపారు. కుదరలేదు. తర్వాత దాదాపు 13 వేల మంది మిలీషియాని పిలిచి, 62 ఏళ్ల వయసులో తానే బయల్దేరారు. పదవిలో ఉండి సైన్యంతో పాటు అలా కదిలిన అధ్యక్షుడు ఆయనొక్కరే. కార్లైల్, కంబర్లాండ్, బెడ్‌ఫర్డ్ దాకా వెళ్లి, మిగతా బాధ్యత హెన్రీ లీకి అప్పగించి తిరిగొచ్చారు. తీరా సైన్యం చేరేసరికి ఎదురు నిలిచే తిరుగుబాటుదారుడే లేడు. కొంతమందిని పట్టుకొచ్చారు. ఇద్దరికి దేశద్రోహం కింద ఉరిశిక్ష పడింది. ఆ ఇద్దరికీ ఆయనే క్షమాభిక్ష పెట్టారు.

ఇంకో సంగతి. పదవి దిగాక మౌంట్ వెర్నన్‌లో ఆయనే విస్కీ డిస్టిలరీ పెట్టారు. 1799లో దాదాపు 11 వేల గ్యాలన్లు కాచారు. అప్పట్లో దేశంలోని పెద్ద డిస్టిలరీల్లో అదీ ఒకటి.

దిష్టిబొమ్మలు తగలబడ్డ ఒప్పందం

ఆయన్ను అన్నిటికంటే ఎక్కువ తిట్టించింది జే ఒప్పందం. 1793 నుంచి బ్రిటిష్ నేవీ కరేబియన్‌లో రెండొందలకు పైగా అమెరికన్ ఓడల్ని పట్టుకుంది. నావికుల్ని బలవంతంగా తమ ఓడల్లోకి ఎక్కించుకుంది. యుద్ధం తప్పదనుకున్నారంతా. కానీ ఓడలే లేని దేశం ఏం పెట్టి యుద్ధం చేస్తుంది? చీఫ్ జస్టిస్ జాన్ జేని లండన్ పంపారు.

1794 నవంబర్‌లో సంతకమైన ఒప్పందంతో దక్కింది కొంచెమే. పశ్చిమ కోటలు ఖాళీ చేస్తామన్నారు, నష్టపరిహారం మీద కమిషన్లు వేస్తామన్నారు. నావికుల్ని లాక్కుపోవడం గురించి ఒక్క ముక్క లేదు. వాషింగ్టన్‌కీ అది నచ్చలేదు. అయినా సెనేట్‌కి పంపారు. 1795 జూన్‌లో 20-10తో సరిగ్గా మూడింట రెండొంతుల మెజారిటీతో బయటపడింది. అంతవరకు రహస్యంగా ఉంచిన కాగితం ఓ పేపర్‌కి లీకైంది. ఇక చూడండి.. ఊరూరా జే దిష్టిబొమ్మల దహనం. న్యూయార్క్‌లో సమర్థించబోయిన హామిల్టన్ మీద రాళ్లు పడ్డాయి. అధ్యక్షుడిని ఇంగ్లండ్‌కి అమ్ముడుపోయాడన్నారు.

ఆగస్టులో ఆయన సంతకం పెట్టేశారు. 1796 మార్చిలో ప్రతినిధుల సభ ఒప్పందం వెనకున్న కాగితాలన్నీ చూపించమంది. ఆయన కుదరదన్నారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇదే. చివరికి నిధుల ఓటింగ్ 51-48. మూడంటే మూడు ఓట్లు! ఆ వేసవిలోనే డెట్రాయిట్ సహా కోటల నుంచి బ్రిటిష్ జెండా దిగింది. పుష్కరానికి పైగా సైన్యంతో కానిది చేతకాని ఒప్పందం అన్న కాగితంతో అయింది.

బ్రిటన్‌తో అమెరికా చేతులు కలుపుతోందేమోనన్న భయంతో స్పెయిన్ కూడా దిగొచ్చింది. 1795 అక్టోబర్‌లో మిసిసిపీ నదిలో పడవలు తిప్పుకోవడానికి, న్యూ ఆర్లియన్స్‌లో సరుకు దించుకోవడానికి ఒప్పుకుంది. అల్జీర్స్ మాత్రం ఊరికే దిగిరాలేదు. అక్కడ బందీలుగా ఉన్న నావికుల్ని విడిపించడానికి 6 లక్షల డాలర్లకు పైగా కప్పం కట్టాల్సి వచ్చింది. ఆ బందీల గొడవలోంచే ఆరు యుద్ధనౌకల చట్టం, దానిలోంచి అమెరికా నేవీ పుట్టాయి.

ఇవాళ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ ముందు వీసా కోసం నిలబడేవాళ్లు ఇది కూడా తెలుసుకోవాలి. ఇండియాకు మొదటి అమెరికా కాన్సుల్‌ని పంపింది వాషింగ్టనే. 1792లో బెంజమిన్ జాయ్ అనే వ్యాపారిని కలకత్తాకు నియమించారు. అతను చేరేసరికి 1794. ఈస్ట్ ఇండియా కంపెనీ అతన్ని కాన్సుల్‌గా ఒప్పుకోలేదు, వ్యాపారం చూసుకునే ఏజెంట్‌గా ఉండమంది. జే ఒప్పందంలో అమెరికా ఓడలు బ్రిటిష్ ఇండియా రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చన్న క్లాజు కూడా ఉంది. అప్పట్లో దాన్నెవరూ పట్టించుకోలేదు.

వీడ్కోలు, ఓ ఫ్యాక్ట్ చెక్

ఈ ఎనిమిదేళ్లలో పేపర్లు ఆయన్ను వదిలిపెట్టలేదు. యుద్ధకాలంలో ఆయన రాసినట్టుగా బ్రిటిష్ వాళ్లు పుట్టించిన దొంగ లేఖల్ని 20 ఏళ్ల తర్వాత మళ్లీ అచ్చేశారు. ఇవాళ్టి ఫేక్ ఫార్వర్డ్‌లకు ఏమాత్రం తీసిపోవు. పదవిలో చివరి రోజుల్లో కూర్చుని, అవి తనవి కావని రాతపూర్వకంగా రికార్డు చేయించారు. మా డెస్క్‌లో ఫేక్ లెటర్ వస్తే పది నిమిషాల్లో ఖండన పడాలి. ఆయనేమో ఏళ్ల తరబడి నోరు విప్పలేదు.

1796 సెప్టెంబర్ 19న ఫిలడెల్ఫియా పేపర్‌లో ఆయన వీడ్కోలు సందేశం వచ్చింది. చాలామంది అనుకున్నట్టు అది ప్రసంగం కాదు, ఎక్కడా చదవలేదు. హామిల్టన్ సాయంతో రాసి నేరుగా అచ్చుకిచ్చారు. పార్టీల పగలతో, ప్రాంతాల చీలికతో జాగ్రత్త, బయటి దేశాల గొడవల్లో శాశ్వతంగా ఇరుక్కోవద్దు అన్నది సారాంశం. మూడోసారి నిలబడలేదు. 1797 మార్చి 4న ఆడమ్స్ ప్రమాణం చేశాడు.

భోజనాల వేళ వెళ్లిపోయిన అమ్మాయి

మొదట్లో చెప్పిన సంగతి ఇదే. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చినవాళ్ల బానిసలు ఆరు నెలలు వరుసగా అక్కడుంటే స్వేచ్ఛ అడగొచ్చు. ఆ లెక్క పూర్తి కాకుండా తన ఇంట్లో బానిసల్ని మధ్యమధ్యలో రాష్ట్రం దాటించి తెప్పించాలని వాషింగ్టన్ సెక్రటరీకి రాశారు. విషయం బయటకు పొక్కకూడదన్నారు కూడా. పారిపోయిన బానిసల్ని పట్టుకోవడానికి వీలిచ్చే 1793 చట్టం మీద సంతకం కూడా ఆయనదే.

మార్తా వాషింగ్టన్ పక్కన పనిచేసే ఓనా జడ్జ్‌కి 20లు దాటుతున్నాయి. తనను మార్తా మనవరాలికి ఇచ్చేస్తారని తెలిసింది. 1796 మే 21 సాయంత్రం, ఇంట్లో అందరూ భోజనం చేస్తుండగా బయటకు నడిచింది. నల్లజాతి స్నేహితులు ముందే సామాను చేరవేశారు. ఓడెక్కి న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. పేపర్‌లో 10 డాలర్ల బహుమతి అంటూ ప్రకటన పడింది. ఆమె ఎక్కడుందో తెలిశాక, దేశాధ్యక్షుడు ప్రభుత్వ కస్టమ్స్ అధికారి జోసెఫ్ విపుల్ ద్వారా తెప్పించాలని చూశారు. యజమానులు పోయాక స్వేచ్ఛ ఇస్తామంటే వస్తానని ఆమె కబురు పంపింది. అలాంటి బేరం కుదరదని ఆయన తిరుగుటపాలో రాశారు. విస్కీ తిరుగుబాటుదారులకు, జెనేకి దొరికిన క్షమాపణ ఈమెకు దొరకలేదు. 1799లో మార్తా మేనల్లుడు వెళ్లాడు. ముందే తెలిసి ఆమె మళ్లీ తప్పించుకుంది.

ఆ ఏడాది జులైలో వాషింగ్టన్ వీలునామా రాశారు. ఎస్టేట్‌లో 317 మంది బానిసలుంటే, తన సొంతమైన 123 మందికి మార్తా తర్వాత స్వేచ్ఛ అని అందులో ఉంది. డిసెంబర్ 12న మంచు వానలో పొలం తిరిగొచ్చారు. గొంతు పట్టేసింది. ముగ్గురు డాక్టర్లు చూశారు. నాలుగుసార్లు రక్తం తీశారు, లీటర్ల కొద్దీ. 14 రాత్రి, 67 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మార్తా ఏడాది ఆగి, 1801 జనవరి 1న ఆ 123 మందినీ వదిలేసింది. మిగతావాళ్లలో ఎక్కువమంది ఆమె మొదటి భర్త ఆస్తి. వాళ్లను వదిలే హక్కు ఆమెకీ లేదు, వాషింగ్టన్‌కీ లేదు. ఓనా జడ్జ్ ఆ లెక్కలోదే. పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, చదవడం నేర్చుకుంది. ముసలితనంలో పేదరికంలో ఉండగా పేపర్ల వాళ్లు వచ్చి పారిపోయినందుకు బాధపడుతున్నావా అని అడిగితే, లేదంది. 1848లో చనిపోయే దాకా చట్టం దృష్టిలో ఆమె పారిపోయిన బానిసే.